ఇత్తడి గొట్టానికి సాక్ష్యం

"లోపట ఏం లేదా?" అన్నాడు ఇశ్రాయేలు.

బావమరిది సీమోను చెయ్యి చాపి చూపించాడు. అతని అరచేతిలో ఇత్తడి గొట్టం పల్లికాయ వలిచినట్టు రెండు పెచ్చులై పడి ఉంది. గింజలుండాల్సిన చోట రెండు గుంటలు, కాస్త గ్రీజు, అంతే.

వాకిట్లో అంబాసిడర్ టాక్సీ బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. శనివారం పొద్దున. రేపు ఆదివారం. చర్చిలో ఇశ్రాయేలు లేచి ఈ గొట్టం గురించి సాక్ష్యం చెప్పాలి. అందరికీ కనబడేలా చింతపండు పెట్టి తోముదామని సీమోను దాన్ని పెట్రోలు పైపు మీద నుంచి ఊడదీశాడు. తోమబోయేముందు తెరిచి చూశాడు.

మొదట అతనికి దొంగలే గుర్తొచ్చారు. స్టాండులో ఎవడో కుళ్ళుకుని చేసిన పని అన్నాడు. రిక్షావాళ్ళ పేర్లు కొన్ని, ఆటోవాళ్ళ పేర్లు కొన్ని వరసగా తీశాడు. నిన్నటిదాకా తనకు చాయ్ తాగించినవాళ్ళ పేర్లే అన్నీ.

ఇశ్రాయేలు కూతురు లీలమ్మ గడప మీద కూర్చుని వింటోంది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది, క్లాసు మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. నిందలు మోసిన అనుభవం ఆమెకు బాగానే ఉంది గానీ, తన నింద ఇంకొకరు మోస్తుంటే చూడటం కొత్త. సీమోను మామ ఇప్పుడు రిక్షా తొక్కే ఆగయ్య పేరు దాకా వచ్చేశాడు. పాపం, ఆగయ్యకు స్క్రూడ్రైవరు ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలియదు.

"నేనే తీసిన మామా," అంది. "పోయిన ఆదివారం, బాపు పండుకున్నప్పుడు."

పక్కింట్లో మాణిక్యమ్మ కుట్టుమిషను ఆగింది. ఆ మిషను ఆగిందంటే ఈ ఇంటి సంగతి వీధి సంగతి అయినట్టే.

"అయస్కాంతాలేవి?" అన్నాడు సీమోను.

వంటింట్లో నుంచి లీలమ్మ తల్లి చంద్రమ్మ వచ్చింది. కడుపు మీద చెయ్యి ఆనించుకుని మెల్లగా నడుస్తోంది, ఆపరేషన్ అయినప్పటి నుంచి అదే నడక. ఇంకో చేతిలో రెండు నల్లటి బిళ్ళలు. వాటికి నాలుగైదు సూదులు, ఒక విరిగిన పిన్నీసు అతుక్కుని వేలాడుతున్నాయి. కింద పడ్డ సూదులు ఏరడానికి బాగున్నాయని దగ్గర పెట్టుకున్నానని తమ్ముడికి చెప్పి, సూదులు ఒక్కొక్కటే పీకి కొంగుకు గుచ్చుకుని, బిళ్ళలు అతని చేతిలో పెట్టింది.

"నీకు గూడ ఎర్కనా?" అన్నాడు ఇశ్రాయేలు.

"ఎర్కనే," అంది చంద్రమ్మ.

సీమోను కోపం వస్తే అరుస్తాడు. ఇశ్రాయేలుకు కోపం వస్తే నోట మాట రాదు. బకెట్లోంచి చెంబెడు నీళ్ళు ముంచుకుని, మురికేమీ లేని చేతులను సబ్బు పెట్టి కడుక్కుంటూ నిలబడ్డాడు.

ఇరాన్‌లో ఏదో గొడవ జరిగితే పురానాపూల్‌లో బేరాలు ఎందుకు తగ్గుతాయో ఇశ్రాయేలుకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. పెట్రోలు ధర పెరిగిందనీ, టాక్సీ ఎక్కేవాళ్ళు ఆటో ఎక్కుతున్నారనీ మాత్రం తెలుసు. అలాంటి సమయంలో సీమోను బొంబాయి నుంచి ఒక ట్రంకుపెట్టె నిండా గొట్టాలు తెచ్చాడు. ఫ్యాక్టరీలో నౌకరీ వదిలేసి మరీ ఏజెన్సీ తీసుకున్నాడు. అయస్కాంతం పక్క నుంచి పోయేటప్పుడు పెట్రోలు చుక్కలన్నీ క్రమశిక్షణగా వరసలో నిలబడతాయట, బుద్ధిగా కాలుతాయట. పెట్రోలేమైనా ఇనుమా మామా, వరసలో నిలబడటానికి, అని లీలమ్మ అప్పుడే అడిగింది. చదువుకున్నోళ్ళతో ఇదే తలనొప్పి అన్నాడు మామ.

చంద్రమ్మ దవాఖాన నుంచి ఇంటికొచ్చిన వారమే గొట్టం బిగించారు. చర్చి అయ్యగారు వచ్చి, బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

చిత్రం ఏమిటంటే, పెట్రోలు నిజంగానే మిగలడం మొదలైంది. బండిలో మీటరు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి ఇశ్రాయేలు ట్యాంకులో వెదురుపుల్ల ముంచి చూసుకుంటాడు. ఇదివరకు తడి అంటని చోట ఇప్పుడు తడి కనిపిస్తోంది. లీలమ్మ కూడా స్వయంగా ముంచి చూసింది. కాదనడానికి లేదు.

అందుకే ఆమె బిళ్ళలు తీసేసింది. వారం తిరిగేలోగా పుల్ల మీద తడి తగ్గుతుందో లేదో చూద్దామనుకుంది. తగ్గలేదు.

"వారం రోజులు ఉత్త డబ్బతోనే నడిపినవ్ బాపూ," అంది. "పెట్రోలు గంతనే మిగిలింది. అంటే మిగిలిచ్చేది గొట్టం కాదు."

సీమోనుకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళు అయస్కాంతం పక్కన ఉన్న పైపుకు ఆ గుణం పట్టి ఉంటుందన్నాడు. ఆ పైపు రాగిది, రాగికి పట్టదని లీలమ్మ చెప్పింది. పైపుకు పట్టకపోతే పోనీ, అయ్యగారి ప్రార్థన సంగతేమిటన్నాడు మామ. అది సిలబస్‌లో లేదు.

ఇశ్రాయేలు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ విడిగా.

"మరి పెట్రోలు ఎందుకు మిగులుతున్నది?"

"నాకెర్కలేదు బాపూ."

అతను తల ఊపాడు.

"అడిగితే నేనే ఇప్పి ఇస్తుంటి గదా," అన్నాడు. "నువ్వు గొట్టాన్ని పరీక్ష చేయలే బిడ్డా. నన్ను చేసినవ్."

ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

వాళ్ళ సంఘంలో సాక్ష్యం అంటే ఏమిటో లీలమ్మకు తెలుసు. పాటలయ్యాక ఎవరో ఒకరు లేస్తారు. జ్వరం తగ్గిందని, కొడుకు పాసయ్యాడని, తాగుడు మానేశామని చెబుతారు. కొందరు ప్రతివారం లేస్తారు, వాళ్ళు చెప్పేది సగం వింటారు. ఇశ్రాయేలు ఎప్పుడో గానీ లేవడు. అతను లేస్తే విసనకర్రలు కూడా ఆగుతాయి. సంఘంలో లారీ తోలేవాళ్ళున్నారు, ఆటోవాళ్ళున్నారు, టాక్సీలవాళ్ళూ ఉన్నారు. ఇశ్రాయేలన్న దేవుని సన్నిధిలో చెప్పాడంటే ఇంక అడిగేదేముంటుంది, ట్రంకుపెట్టె ఖాళీ అయిపోతుంది. సీమోను ఏ పేపర్లోనూ ప్రకటన వేయకపోవడానికి కారణం అదే.

చెప్పకపోతే సీమోనుకు అటు నౌకరీ లేదు, ఇటు ఏజెన్సీ లేదు. చెబితే తండ్రి నోట మొదటిసారి ఒక తప్పు సాక్ష్యం వస్తుంది. కొన్నాళ్ళకు బండ్లవాళ్ళందరికీ ఆ సంగతి తెలుస్తుంది. తర్వాత అతను ఏం చెప్పినా విసనకర్రలు ఆగవు.

చంద్రమ్మ చెప్పులేసుకుంది. దవాఖానకు పోయే రోజు, ఆలస్యమవుతోందని చెప్పి, లీలమ్మను కూడా రమ్మంది. ఇంట్లో మామతో, మిషను ఆపుకున్న మాణిక్యమ్మతో ఒంటరిగా ఉండటం కన్నా ఏదైనా నయమే అనిపించి లీలమ్మ వెనక సీట్లో కూర్చుంది.

ముందు సీట్లో నాలుగు మడతల దుప్పటి పరిచి ఉంది. చంద్రమ్మ దాని మీద సర్దుకుని కూర్చునే దాకా ఇశ్రాయేలు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎమ్మెల్యేలను ఎక్కించుకున్న రోజుల్లో కూడా అతను అలా నిలబడటం లీలమ్మ చూడలేదు.

బండి కదిలిన సంగతి కూడా తెలియలేదు. వీధి చివర ఒక ఆటో అడ్డంగా దూసుకొచ్చింది. ఇదివరకటి ఇశ్రాయేలయితే దాని వెంట పత్తర్‌గట్టి దాకా వెళ్ళి, కిటికీలోంచి రెండు మాటలు అని, అప్పుడు వెనక్కి తిరిగేవాడు. ఇప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడంతే. ఆటో దాని మానాన అది పోయింది.

"గుంతొస్తున్నది, పట్టుకో," అన్నాడు భార్యతో.

చంద్రమ్మ పట్టుకుంది. బండి గుంతలోకి దిగి, పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు నెమ్మదిగా పైకి లేచింది.

రైలు గేటు పడి ఉంది. ఇశ్రాయేలు ఇంజిను ఆపేశాడు. చుట్టూ ఉన్న బండ్లన్నీ దడదడలాడుతూ పొగ వదులుతున్నాయి, ఈ ఒక్కటీ నిశ్శబ్దంగా ఉంది. అదురుకు కుట్లు లాగుతాయని చంద్రమ్మ ఏదో ఒక రోజు అన్నదట. ఆనాటి నుంచి అతను ఏ గేటు దగ్గరా ఇంజిను నడవనివ్వడు. ఆమె బండిలో లేనప్పుడు కూడా అదే అలవాటైపోయింది. రైలు వెళ్ళేలోగా అద్దంలో తండ్రి కళ్ళు రెండుసార్లు లీలమ్మ మీదకొచ్చి పక్కకు తప్పుకున్నాయి.

దవాఖాన గేటు దగ్గర బండి ఆపి, అతను అక్కడే ఉండిపోయాడు. తల్లీ కూతుళ్ళు లోపలికి వెళ్ళారు. కట్లు కట్టే గది ముందు పెద్ద వరస ఉంది. లీలమ్మ వెళ్ళి చివర నిలబడబోయింది.

"గా దిక్కు పోకు," అంది చంద్రమ్మ. వరండాలో గోడ పక్కన బెంచీ మీద, రోజూ కూర్చునే చోటే అన్నట్టు కూర్చుంది. "మనకు ఆడ పనిలేదు. కట్టు ఇప్పేసి నెల దాటింది. మళ్ళ రావద్దన్నరు."

లీలమ్మ తల్లి కడుపు మీద ఆనించి ఉన్న చేతిని చూసింది. చంద్రమ్మ ఆ చేతిని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మరి ఎందుకొస్తున్నవ్ అమ్మా?"

"గింతసేపు గీడ కూసుంట. మళ్ళ పోయి బండెక్కుత."

పక్కన ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. చంద్రమ్మ ఆ బిడ్డ వైపే చూస్తూ, కూతురికి కాకుండా ఆ బిడ్డకే చెబుతున్నట్టు చెప్పింది.

"పెండ్లయిన కాడికెల్లి గా బండిని కడుగుతున్న, తుడుస్తున్న. ఎవరెవరి పెండ్లాలో ఎక్కిన్రు, దిగిన్రు. నేనెప్పుడన్న ఎక్కిన్నా? ఆపరేషనయ్యి ఇంటికొచ్చే రోజు ముందు సీట్ల కూసోబెట్టిండు. గుంతొస్తే చెప్తడు. మలుపొస్తే చెప్తడు. బేరం దొరికితే నన్ను దింపకుంటనే తీస్కపోతడు. పురానాపూల్ మీద బండి ఆపి మూసీ చూపిచ్చిండు. ఇన్నేండ్లల్ల ఇంట్ల నాతోని గన్ని మాటలు మాట్లాడలే లీలా."

లీలమ్మకు నవ్వొచ్చింది. సగంలోనే ఆగిపోయింది.

బ్రేకు తొక్కిన ప్రతిసారీ అంతకుముందు కాల్చిన పెట్రోలంతా వేడి అయి గాలిలో కలిసిపోతుందని లెక్చరర్ బోర్డు మీద గీసి మరీ చెప్పాడు. ఆమె దాన్ని నోట్సులో రాసుకుంది, పరీక్షలో రాసింది, మంచి మార్కులు తెచ్చుకుంది. ఎగబడి తోలకుండా, ఎవరితోనూ పందెం వేసుకోకుండా, ఊరికే ఇంజిను నడవనివ్వకుండా ఉంటే పెట్రోలు మిగలకేం చేస్తుంది. గొట్టాన్ని స్క్రూలతో సహా విప్పి చూసింది గానీ, అదే వారం నుంచి బండిలో ఇంకేం మారిందని చూడలేదు. మారినదేమో ఆకుపచ్చ చీర కట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

"అమ్మా, పెట్రోలు నీ వల్ల మిగులుతున్నది," అంది. ఎలాగో కూడా చెప్పింది.

చంద్రమ్మ చెవుల దాకా ఎర్రబడింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడి ఉండదు.

"అయితే చెప్పకు," అంది చివరికి.

"చెప్పకుంటే రేపు బాపు తప్పు సాక్ష్యం చెప్తడు."

"చెప్తే, మరి కుట్లెట్లున్నయని అడుగుతడు. ఇప్పటిదాంక ఆయన అడుగలే, నేను చెప్పలే. అడిగితే మీ బాపుతోని అబద్ధమాడలేను. ఎర్కైనంక ఇగ దేనికి తీస్కపోతడు నన్ను?" కొంగు చివర గుచ్చుకున్న సూదులను వేళ్ళతో తడుముకుంది. "ఇంకో దిక్కు సీమోనున్నడు. వానికి నేను తప్ప ఎవరున్నరు?"

తిరుగు ప్రయాణంలో కూడా గుంతలు వచ్చాయి, అతను చెప్పాడు, ఆమె పట్టుకుంది. లీలమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పొద్దున తండ్రి అడిగిన దానికి జవాబు ఇప్పుడు ఆమె దగ్గరుంది. ఇవ్వడానికి వీల్లేదు.

సాయంత్రం సీమోను గొట్టం తోమాడు. అయస్కాంతాలు లోపల పెట్టి బిగించమని ఆమెనే అడిగాడు. అరిచి అరిచి గొంతు పోయింది, పొద్దున్నుంచి అన్నం కూడా సరిగా తినలేదు. లీలమ్మ స్క్రూడ్రైవరు తెచ్చి అతని పక్కన కూర్చుంది.

"నిజం చెప్పు మామా. ఇది పనిచేస్తదని నీకు నమ్మకమేనా?"

సీమోను మంచం మీద అటు తిరిగి పడుకున్న బావ వీపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"బొంబాయిల వాళ్ళు చెప్పినప్పుడు సగమే నమ్మిన బిడ్డా. బావ బండ్ల పనిచేసినంక మొత్తం నమ్మిన. ఆయన అబద్ధం చెప్పడు గదా."

మామ చెప్పాడని బాపు బిగించుకున్నాడు. బాపు బండిలో పనిచేసిందని మామ నమ్మాడు. రేపు బాపు నమ్మాడని ఊరంతా నమ్ముతుంది. లీలమ్మ స్క్రూలు బిగించింది. మామ మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. పళ్ళెంలో అన్నం కలిపి అతని ముందు పెట్టింది.

ఆదివారం చర్చిలో మగవాళ్ళ వైపు సీమోను ముందు వరసలో కూర్చున్నాడు. గొట్టం చేతిరుమాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద చంద్రమ్మ, ఆమె పక్కన లీలమ్మ. పాటలయ్యాయి. ఒక ముసలామె లేచి మనవరాలికి జ్వరం తగ్గిందని చెప్పింది. ఇంకెవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు.

ఇశ్రాయేలు లేచాడు. విసనకర్రలు ఆగాయి.

"నా బండ్ల పెట్రోలు మిగులుతున్నది," అన్నాడు. "గది నిజం. దేవుని ముంగట చెప్తున్న."

సీమోను రుమాలు ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"గా గొట్టం వల్లనే మిగులుతున్నదని చెప్దామనుకున్న. కానీ పోయిన వారమంత అది ఖాళీగ ఉండె. నాకు చెప్పకుంట నా బిడ్డ లోపటియి తీసింది. అయినా మిగిలింది."

ముడి దగ్గర సీమోను వేళ్ళు ఆగిపోయాయి. వెనక వరసల్లో బండ్లవాళ్ళు ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. లీలమ్మ తల దించుకుంది. చాప అంచున ఊడిన పోగును వేలికి చుట్టుకుంటూ, బాపు తర్వాతి మాట కోసం ఆగింది.

"నిన్న మస్తు కోపమొచ్చింది నాకు. రాత్రి సోంచాయించిన. నా బిడ్డ తీయకుంటె ఇయ్యాల నేను మీ అందరికి తప్పు చెప్తుంటి." అతను ఆగాడు. అలవాటు లేని చోట బండి నడుపుతున్నట్టు ఒక్కో మాటా చూసుకుని వేస్తున్నాడు. "సీమోను మోసం చేసేటోడు కాదు. వాడు నన్ను నమ్మిండు, నేను వాణ్ణి నమ్మిన. మరి పెట్రోలు ఎట్ల మిగులుతున్నదంటరా? నాకెర్కలేదు. కానీ నిన్న దవాఖానకెల్లి వస్తుంటె అద్దంల నా బిడ్డ మొఖం చూసిన. దానికి ఎర్కైంది. నాకు చెప్తలేదు."

ఆడవాళ్ళ వైపు తిరిగాడు. నిన్నటి పొద్దు తర్వాత మొదటిసారి ఆమెను పేరుతో పిలిచాడు.

"లీలా, లే బిడ్డా. నువ్వు ఏం చెప్తె గదే నా సాక్ష్యం."

లీలమ్మ లేచింది. చర్చి అంతా ఆమె వైపే చూస్తోంది. ఇంత నమ్మకం ఇచ్చిన మనిషికి అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాదు. నిజం చెబితే పక్కన కూర్చున్న మనిషికి ఆ ముందు సీటు ఉండదు.

అప్పుడు ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. మెత్తగానే, కానీ గట్టిగా.

"నువ్ కూసో," అంది చంద్రమ్మ. "గిది నేను చెప్పాల్సింది."

కూతురి భుజం ఊతంగా పట్టుకుని, కడుపు మీద చెయ్యి ఆనించకుండా, చంద్రమ్మ నిటారుగా లేచి నిలబడింది. అయ్యగారి వైపు చూడలేదు, తమ్ముడి వైపు చూడలేదు. నేరుగా ఇశ్రాయేలు కళ్ళలోకి చూసింది.